పైపొర ఎవరిది?

బందరు నుంచి గుడివాడ వెళ్లే పాసింజరు బండి చిలకలపూడి స్టేషన్లో ఆగినప్పుడు, ఎక్కే ఆడవాళ్ల చేతుల మీదికి చూపు దానంతటదే పోతుంది. ఈ ఊరి మనుషులకు అది అలవాటు. గాజు పైభాగం ఎవరూ చూడరు, అది ఎలాగూ మెరుస్తుంది. లోపలి అంచు చూస్తారు, మణికట్టు ఎముకకు రోజంతా ఒరుసుకునే చోటు. అక్కడ పసుపు పలచబడి, ముందు గులాబీ ఛాయ తిరిగి, తరవాత ఇటుక రంగులోకి దిగి, చివరికి రాగి తేలుతుంది. ఆవేళ నా ఎదురు సీట్లో కూర్చున్నావిడ గాజుల్లో ఒకటి అలా అంచున ఎర్రబడి ఉంది. ఆమె కిటికీ కమ్మీ పట్టుకున్నప్పుడల్లా ఆ సన్నటి ఎర్రటి చార ఎండలోకి వచ్చి పోతోంది. పెడన దాటేదాకా దాన్నే చూస్తూ కూర్చున్నాను. పసుపు ఎక్కడ ఆగింది, ఎరుపు ఎక్కడ మొదలైంది? పైన ఉన్నది ఉత్తదే, లోపల ఉన్నదే అసలుదని మనం ఎందుకంత తొందరగా తీర్పు చెప్పేస్తాం? అసలు పైపొర అనేదానికి సొంత బతుకు ఉండదా?

చిలకలపూడిలో పనివాళ్ల ఇళ్ల మధ్య నడుస్తుంటే ఈ ప్రశ్న ఇంకా ముదురుతుంది. పాండురంగస్వామి గుడి చుట్టుపక్కల వీధుల్లో ఇంటింటా ఏదో ఒక పని నడుస్తుంటుంది. ఒకచోట రాగి తీగను కమ్మచ్చులోంచి లాగుతుంటారు. లాగినకొద్దీ తీగ సన్నబడి, వేడెక్కి, కొత్త రంగు తేరుతుంది. ఇంకోచోట అచ్చులో కొట్టిన బిళ్లలకు టంకం పెడుతుంటారు. అరుగు మీద ఆడవాళ్లు కూర్చుని గొలుసులకు కొక్కేలు తగిలిస్తుంటారు, రాళ్లు అంటిస్తుంటారు. గమనించాల్సిందేమిటంటే, నగ నగగా పూర్తిగా తయారయ్యేదాకా బంగారం దాని దరిదాపుల్లోకి రాదు. లత చుట్టడం, పువ్వు చెక్కడం, కీలు కుదర్చడం, మొత్తం పనితనమంతా రాగి మీదే జరిగిపోతుంది. వెనకటికి పలచని బంగారు రేకును లోహానికి అతికించి సాగదీసేవారు. ఇప్పుడు ఎక్కువగా కరెంటు పూతే. బంగారపు లవణం కరిగిన నీళ్ల తొట్టిలో రాగి నగను వేలాడదీసి కొద్దిపాటి కరెంటు పంపితే చూస్తుండగానే పసుపెక్కుతుంది. తొట్టిలోంచి తీసినప్పుడు కాస్త మొద్దుగా ఉంటుంది. కుంకుడు నురగలో కడిగి మెత్తటి గుడ్డతో రుద్దాక, అప్పుడు ఆ మెరుపు వస్తుంది. అది చూస్తుంటే కళ్ల ముందే ఒక వస్తువు ఇంకో వస్తువైపోయినట్టుంటుంది. అయిందా మరి?

మా పిన్నిది నాగాయలంక. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనకు ముందు ఆమెకు నాలుగు పేటల గొలుసు ఉండేదట. ఉప్పెన తరవాత ఇల్లు మళ్లీ నిలబెట్టుకోవడానికి ఒంటి మీద మిగిలిన బంగారమంతా అమ్ముకున్నారు. ఆ తరవాత ఆమె మెడలో, చేతులకు నేను చూసిందంతా చిలకలపూడి సరుకే. దివిసీమ గాలిలో ఉప్పుంటుంది. పొలం పని, చెమట, బోరునీళ్లు, అన్నీ కలిసి పూతను తినేస్తాయి. షాపులో చెప్పిన గ్యారంటీలు అక్కడ చెల్లవు. ఆమె పండగల ముందు అవనిగడ్డ, చల్లపల్లి మీదుగా బస్సులో బందరు వచ్చి గాజులకు మెరుగు పెట్టించుకుని వెళ్లేది. "ఎందుకు పిన్నీ మళ్లీ మళ్లీ పూత వేయించడం?" అని అడిగితే, "లోపలిది ఎక్కడికీ పోలేదు కదరా, పైదేగా, మళ్లీ వస్తుంది" అనేది. అంత సులువుగా అనేది. ఆమెకు పైదీ లోపలిదీ వేరువేరు లెక్కలు. ఒకటి నిలిచేది, ఒకటి వచ్చి పోయేది. మనమూ అలాగే పెరిగాం. మేడిపండు చూపించి చిన్నప్పుడే పాఠం చెప్పారు మనకి. పైకి కనిపించేదాన్ని నమ్మవద్దు, పొట్ట విప్పి చూడు అని. ఆ పాఠం మనుషుల విషయంలో ఎంత పనికొస్తుందో నాకు తెలుసు. వస్తువుల విషయంలో కూడా అంతే నిజమా అన్న అనుమానం మాత్రం చాలా ఆలస్యంగా, పుస్తకాల వల్ల వచ్చింది.

బంగారం పసుపుగా ఎందుకుంటుంది? ఇంటర్లో ఫిజిక్సు చదివిన ఎవరికైనా శక్తి పట్టీలు గుర్తుండే ఉంటాయి. విడిగా ఉన్న పరమాణువులో ఎలక్ట్రాన్‌కు విడివిడి మెట్లలాంటి శక్తి స్థాయులుంటాయి. కోటానుకోట్ల పరమాణువులు స్ఫటికంలో వరుస తీరేసరికి ఆ స్థాయులన్నీ కలిసి పట్టీలవుతాయి. మధ్యలో ఏ ఎలక్ట్రానూ ఉండలేని ఖాళీలు మిగులుతాయి. 1928లో ఫెలిక్స్ బ్లాక్, 1931లో విల్సన్ కట్టిపెట్టిన లెక్క అది. లోహమెందుకు లోహమో, రబ్బరెందుకు కరెంటు మోయదో ఆ పట్టీలే చెప్తాయి. రంగు కూడా వాటిదే. వెండిలో కింది పట్టీ నుంచి పైకి ఎగరాలంటే అతినీలలోహిత కాంతి కావాలి, కాబట్టి కంటికి కనబడే వెలుగునంతా వెండి తిప్పికొట్టేస్తుంది, తెల్లగా ఉంటుంది. బంగారంలో ఆ దూరం తగ్గింది. నీలి వెలుగు సరిపోతుంది. నీలాన్ని మింగేసి, మిగిలింది పసుపుగా వెనక్కి పంపుతుంది. ఎందుకు తగ్గిందంటే, బంగారం కేంద్రకంలో 79 ప్రోటాన్లు. వాటి లాగుడికి లోపలి ఎలక్ట్రాన్లు కాంతి వేగంలో సగాన్ని మించి తిరుగుతాయి. ఐన్‌స్టీన్ చెప్పిన సాపేక్షత అక్కడ పనిచేస్తుంది. దాని ప్రభావం పై పట్టీల దాకా పాకి వాటి ఎత్తులు మార్చేస్తుంది. సాపేక్షత అన్నది లేకపోతే బంగారం వెండిలాగే తెల్లగా ఉండేది. పెళ్లిళ్లలో మనం మురిసిపోయే ఆ పచ్చదనం వెనక ఇంత కథ ఉందని మొదటిసారి చదివినప్పుడు రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు.

అక్కడే ఇంకో ఆలోచన వచ్చింది. గాజు మీద పూత అర మైక్రాన్ మందం ఉందనుకుందాం. చేత్తో తడిమితే తెలియదు. కానీ ఆ అర మైక్రాన్‌లో బంగారు పరమాణువుల పొరలు రెండు వేలకు పైగా పడతాయి. ఎలక్ట్రాన్ లెక్కన చూస్తే అదొక అగాధం. అడుగున రాగి ఉందన్న సంగతి పై పొరల్లో తిరిగే ఎలక్ట్రాన్‌కు తెలిసే అవకాశమే లేదు. రంగుకు కావలసిన పట్టీలు, వాటి మధ్య దూరాలు, అన్నీ బిస్కెట్టు బంగారంలో ఉన్నట్టే ఉన్నాయి. పిన్ని చేతి గాజు అబద్ధం చెప్పలేదన్నమాట. ఉన్నంత మేర అది బంగారమే. మరి ఆ బంగారానికి కూడా ఒక పైపొర ఉంది కదా, గాలికి తగిలే చిట్టచివరి వరుస. దాని సంగతేమిటి?

ఈ ప్రశ్నకు దగ్గరి దారి ఈ కృష్ణ ఒడ్డు నుంచే ఉంది. 17వ శతాబ్దంలో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే చూసిన కొల్లూరు వజ్రాల గనులు ఇప్పుడు పులిచింతల నీళ్లలో మునిగి ఉన్నాయి. ఆ వజ్రాలు బయటి దేశాలకు చేరిన దారుల్లో గోల్కొండ వారి రేవు మన బందరు ఒకటి. వజ్రం ఉత్త బొగ్గే, కార్బనే. అందులో నిండిన పట్టీకీ ఖాళీ పట్టీకీ మధ్య అయిదున్నర ఎలక్ట్రాన్ వోల్టుల దూరం. కంటికి కనిపించే ఏ వెలుగూ దాన్ని దాటించలేదు, అందుకే స్వచ్ఛంగా ఉంటుంది, కరెంటు మోయదు. అదే కార్బన్ పెన్సిల్ ముల్లులో గ్రాఫైటుగా ఉంటే రెండు పట్టీలూ ఒకదాన్నొకటి కొంచెంగా ఒరుసుకుంటాయి. పూర్తి లోహమూ కాదు, పూర్తి బంధకమూ కాదు. దీన్నే అర్ధలోహం అంటారు. ఆ గ్రాఫైటులోంచి ఒకే ఒక్క పొరను 2004లో విడదీశారు, గ్రాఫీన్. అందులో రెండు పట్టీలూ కొన్ని బిందువుల దగ్గర మాత్రమే, మొనకు మొన తగిలినట్టు కలుస్తాయి. అక్కడ ఎలక్ట్రాన్ తన బరువు మరిచిపోయి కాంతి కణంలా నడుస్తుంది. అలాంటి బిందువులు పలచని పొరలో కాకుండా గట్టి స్ఫటికం లోపలే ఉంటే? 2014లో సోడియం బిస్మతైడ్, కాడ్మియం ఆర్సెనైడ్‌లలో దొరికాయి. ఇవి టోపలాజికల్ అర్ధలోహాలు. పేరు నోరు తిరగనిదే, కానీ వాటి అసలు విశేషం పేరులో లేదు, పైపొరలో ఉంది.

పైపొరకు సొంత ఎలక్ట్రాన్ స్థితులు ఉండొచ్చని 1932లోనే తమ్ అనే రష్యన్ చెప్పాడు. 1939లో షాక్లీ ఇంకో మాట జోడించాడు: స్ఫటికం లోపల రెండు పట్టీలు ఒకదాన్నొకటి దాటుకుని వరుస తారుమారైతే పైపొరలో ఈ స్థితులు పుడతాయని. ఆ మాట చాలా కాలం పుస్తకాల్లో ఒక మూల పడి ఉంది. 1993లో ఈగ్లర్ బృందం రాగి ముక్క మీద 48 ఇనుప పరమాణువులను గుండ్రంగా పేర్చి, ఆ దడి లోపల రాగి పైపొర ఎలక్ట్రాన్లు అలలు అలలుగా నిలబడటాన్ని బొమ్మ తీసింది. ఆ బొమ్మ మీరు చూసే ఉంటారు, ఫిజిక్సు పుస్తకాల అట్టల మీద వస్తుంటుంది. రాగి! మన గాజు లోపల ఉండే ఆ రాగే. బంగారం పైపొరలో ఇలాంటి ఎలక్ట్రాన్లు తమ తిరుగుడు గుణమైన స్పిన్‌ను బట్టి రెండుగా విడిపోయి ఉంటాయని 1996లో కొలిచారు. తరవాత 2015లో నేచర్ కమ్యూనికేషన్స్‌లో బంగారం మీద ఒక వ్యాసం వచ్చింది. అందులోని సారం ఇది: బంగారం, వెండి, రాగి పైపొరల్లో మనకు ఇన్నేళ్లుగా తెలిసిన షాక్లీ స్థితులు టోపాలజీ వల్ల, అంటే పట్టీలు ఒకదానితో ఒకటి అల్లుకున్న తీరు వల్ల, పుట్టినవే. లోపల పట్టీల వరుస తారుమారై ఉంది, బయట శూన్యంలో అలాంటి తారుమారు లేదు. ఒకదాని నుంచి ఇంకోదానికి వెళ్లేటప్పుడు ఎక్కడో ఒకచోట పట్టీలు దాటుకోక తప్పదు. ఆ దాటే చోటే ఉపరితలం.

నేను ఆ వ్యాసం చదివి పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. ఇందులో ఇంత కదిలించేది ఏముందని మీరడగవచ్చు. చెప్తాను. పిన్ని గాజును ఆకురాయితో రాస్తే పూత పోతుంది, రాగి వస్తుంది. ఆ పైపొర ఎవరో తెచ్చి పెట్టింది కాబట్టి పోతుంది. బంగారు కడ్డీ మీది ఈ ఎలక్ట్రాన్ పొరను రాసేస్తే? కింద ఉన్న వరుస పైకి వస్తుంది, మరుక్షణం దాని మీద అదే పొర పుడుతుంది. మళ్లీ రాస్తే మళ్లీ పుడుతుంది. లోపల బంగారం ఉన్నంత కాలం దాన్ని వదిలించుకోవడం కుదరదు, ఎందుకంటే దాన్ని రాసింది లోపలే. "పైదేగా, మళ్లీ వస్తుంది" అన్న పిన్ని మాట నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఆమె బందరు రావాల్సి వచ్చేది. ఈ పొరకు ఎవరి దగ్గరికీ వెళ్లే పని లేదు. లోపల ఒకటి, బయట ఒకటి అన్న ఆ మేడిపండు పాఠం ఇక్కడ చెల్లదు. బయటిది లోపలిది ఇచ్చిన వాంగ్మూలం. కడ్డీని ముక్కలు చేయకుండా, పొట్ట విప్పకుండా, పైన మాత్రమే చూసి లోపల పట్టీలు ఏ వరుసలో ఉన్నాయో చెప్పగలుగుతున్నారంటే అందుకే. కాంతి పడేసి ఎలక్ట్రాన్లను ఊడగొట్టి, అవి ఏ కోణంలో ఎంత శక్తితో వచ్చాయో కొలుస్తారు. ఆ ఎలక్ట్రాన్లు కొద్దిపాటి పొరల లోతు నుంచే బయటపడగలవు. పైపొరను చదవడమే లోపలిని చదవడం.

అర్ధలోహాల దగ్గరికొస్తే ఇది ఇంకా వింతగా ఉంటుంది. 1929లో హెర్మన్ వైల్ బరువులేని కణాలకు ఒక సమీకరణం రాశాడు, కుడివాటం ఒకటి, ఎడమవాటం ఒకటి. అలాంటి మూల కణం ప్రకృతిలో దొరకలేదు. న్యూట్రినో అదేనేమో అనుకున్నారు, దానికీ కొంత బరువుందని తేలింది. ఎనభై ఏళ్లు దాటాక, 2011లో అశ్విన్ విశ్వనాథ్, ఇంకో ముగ్గురు కలిసి ఇరిడియం ఆక్సైడు స్ఫటికాల్లో ఎలక్ట్రాన్లే ఆ వేషం కట్టగలవని లెక్క చెప్పారు. 2015లో టాంటలమ్ ఆర్సెనైడ్‌లో దొరికింది, ప్రిన్స్‌టన్‌లో ఒక బృందానికి, బీజింగ్‌లో ఒక బృందానికి, కాస్త అటూ ఇటూగా. ఆ స్ఫటికంలో పట్టీలు తగులుకునే బిందువులు 24, అంటే 12 జతలు. ఒక్కో జతలో ఒకటి కుడివాటం, ఒకటి ఎడమవాటం. ఒంటరిగా ఏ బిందువూ ఉండలేదు. తుడిచేద్దామన్నా పోదు, దాని జత ఎదురొచ్చి కలిసిపోతే తప్ప. ఇక పైపొర: మామూలు లోహం ఉపరితలం మీద ఒకే శక్తి ఉన్న ఎలక్ట్రాన్ల జాడను గీస్తే ఆ గీత తిరిగొచ్చి తనలో తానే మూసుకుంటుంది. ఇక్కడ మూసుకోదు. ఒక బిందువు నీడ దగ్గర మొదలై ఇంకో బిందువు నీడ దగ్గర హఠాత్తుగా ఆగిపోతుంది. మిగతా సగం ఏమైంది? స్ఫటికం అవతలి ముఖం మీద ఉంది! అయస్కాంత క్షేత్రంలో పెడితే ఎలక్ట్రాన్ పై ముఖం మీద సగం దారి నడిచి, బిందువు దగ్గర లోపలికి దిగి, స్ఫటికం మధ్యగా కిందికి పోయి, కింది ముఖం మీద మిగతా సగం నడిచి తిరిగొస్తుందని 2014లో లెక్కగట్టారు. ఇలాంటి పైపొరను ఊడదీసి పక్కన పెట్టడం ఊహకు కూడా అందదు. లోపలి దారి లేకపోతే అది పూర్తే కాదు.

ఇదంతా ఎక్కడో ప్రిన్స్‌టన్ కబురే అయితే నేను ఇంత రాయను. పట్టీలు ఎక్కడ తగులుకోవాలి, ఎక్కడ తప్పుకోవాలి అన్నది తేల్చేది స్ఫటికపు సౌష్ఠవం. సౌష్ఠవమంటే ఏమిటో చూడాలంటే పెడనలో దిగండి. కలంకారీ అద్దే బల్ల దగ్గర నిలబడండి. కరక్కాయ నీళ్లలో నానబెట్టి ఎండబెట్టిన గుడ్డ మీద టేకు అచ్చును రంగు మెత్తలో అద్ది, అరచేతి మడమతో ఒక్క దెబ్బ కొడతారు. పక్కకు జరుపుతారు, మళ్లీ కొడతారు. అచ్చు అంచున చెక్కిన తీగ సగం పక్క దెబ్బలోని సగంతో కలవాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా కన్ను పట్టేస్తుంది. ఆ గుడ్డను ఒక అచ్చు వెడల్పు జరిపినా అదే, కొన్నిటిని సగం తిప్పినా అదే, కొన్నిటిని అద్దంలో చూసినా అదే. ఇలా గుడ్డ మీద ఎడతెగకుండా సాగే ఏ డిజైనైనా 17 రకాల్లో ఒకదానిలోకి రావాల్సిందే, పద్దెనిమిదోది లేదు. అద్దేవాళ్లు ఎంత స్వేచ్ఛగా ఊహించినా, ఎన్ని వందల అచ్చులు చెక్కినా అంతే. మూడు దిక్కుల్లో సాగే స్ఫటికాలకు ఈ రకాలు 230, అయస్కాంతత్వాన్ని కూడా కలుపుకుంటే 1651. పట్టీల కలయికలు వీటికి కట్టుబడి ఉంటాయి. కాడ్మియం ఆర్సెనైడ్‌లోని బిందువులను కాపాడేది పావువంతు తిప్పితే మారని గుణం. టాంటలమ్ ఆర్సెనైడ్‌లో బిందువులు రెండుగా విడిపోవడానికి కారణం ఆ స్ఫటికానికి ఎదురుబొదురు సౌష్ఠవం, అంటే మధ్య బిందువుకు అటూ ఇటూ ఒకేలా ఉండటం, లేకపోవడం.

ఈ లెక్కల భాషను భౌతికశాస్త్రంలోకి తెచ్చిన తొలి భారతీయ పుస్తకాల్లో ఒకటి వాల్తేరు నుంచి వచ్చింది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1948లో అచ్చువేసిన "థియరీ ఆఫ్ గ్రూప్స్ అండ్ ఇట్స్ అప్లికేషన్ టు ఫిజికల్ ప్రాబ్లమ్స్". రాసినవారు సూరి భగవంతం, టి. వెంకటరాయుడు. భగవంతం గారిది మన పాత కృష్ణా జిల్లాయే, శోభనాచలం కొండ కింది ఆగిరిపల్లి. 1909లో పుట్టారు. 1928లో కలకత్తా వెళ్లి రామన్ దగ్గర చేరారు. 1931లో రామన్‌తో కలిసి కాంతి కణానికి స్పిన్ ఉందని ప్రయోగంతో చూపించారు. వజ్రం మీద పనిచేశారు. 1932 నుంచి వాల్తేరులో పాఠాలు చెప్పారు. ఉస్మానియాకు వైస్‌చాన్సలర్, బెంగుళూరు సైన్సు ఇన్‌స్టిట్యూటుకు డైరెక్టర్, దేశ రక్షణమంత్రికి శాస్త్ర సలహాదారు, ఇలా పెద్ద పదవులు చాలా చేశారు. తెలుగువాళ్లకు ఆయన గురించి తెలిసిందల్లా ఆ పదవుల పట్టికే. నాకు మాత్రం ఆయన గొప్పతనం ఇంకోచోట కనబడుతుంది. 1960లలో, అన్ని పదవుల మధ్యా కూడా, అయస్కాంత స్ఫటికాల సౌష్ఠవం మీద పత్రాలు రాశారు, 1966లో స్ఫటిక సౌష్ఠవం మీద ఇంకో పుస్తకం తెచ్చారు. ఈ రోజు టోపలాజికల్ పదార్థాలను వెతికేవాళ్లు కంప్యూటర్లో చేయించేది ఆ సౌష్ఠవ పట్టికల పనే, ఎన్నో వేల రెట్లు పెద్ద ఎత్తున. 2022లో ఒక బృందం 38 వేలకు పైగా పదార్థాలను ఇలా సౌష్ఠవం పట్టి పరీక్షిస్తే, సగానికి పైగా టోపలాజికల్ అని తేలింది. మొత్తం మీద దాదాపు 88 శాతంలో ఎక్కడో ఒకచోట అలాంటి పట్టీ కనీసం ఒకటి ఉంది. అరుదనుకున్నది అంతటా ఉంది. ఇంకో సంగతి. 2017లో టాంటలమ్ ఆర్సెనైడ్‌లోని బిందువుల కుడివాటం, ఎడమవాటం తేల్చడానికి వాడింది గుండ్రంగా తిరిగే ధ్రువణం ఉన్న కాంతిని, అంటే కాంతి కణాల స్పిన్‌నే. కలకత్తాలో ఇరవై రెండేళ్ల కుర్రవాడు గురువుతో కలిసి కొలిచిన గుణమే ఇక్కడ కొలబద్ద అయింది.

నా సంతోషాన్ని నేనే కాస్త పట్టి ఆపుకోవలసిన చోటు కూడా ఒకటుంది. బంగారం పైపొర ఎలక్ట్రాన్లను చూడాలంటే గది మొత్తం శూన్యం కావాలి, పరమాణువులు ఒక్క దిక్కున తీర్చి పేర్చినట్టుండాలి, ధూళి, తేమ, చెమట ఏవీ తగలకూడదు. చిలకలపూడి నగ మీద పూత చిన్న చిన్న గింజలుగా అన్ని దిక్కులా పడుతుంది. దాని మీద గాలి, నూనె, పసుపు, ఉప్పు. రైల్లో ఆవిడ గాజు మీద ఆ స్థితిని ఏ యంత్రమూ పట్టలేదు. అయితే లేదనగలమా? లోపల పట్టీల వరుస తారుమారై ఉండటం మాత్రం మారలేదు. కనబడనంత మాత్రాన బాధ్యత తీరిపోదు కదా దానికి! ఇలా అంటుంటే నేను ఎలక్ట్రాన్‌కు మనసు అంటగడుతున్నానేమో అని ఒక అనుమానం. కానీ ఏళ్ల తరబడి ఒక విషయంతో కూర్చున్నాక దాన్ని ప్రాణం లేనిదానిలా మాట్లాడటం నాకు చేతకాదు. ఉపయోగమేమిటని అడిగేవాళ్లుంటారు. తక్కువ కరెంటుతో నడిచే పరికరాలు, అయస్కాంతాన్ని పట్టే సెన్సర్లు వస్తాయని ఆశిస్తున్నారు, వస్తే మంచిదే. నాకు అంతకన్నా పెద్దది ఇంకోటి: ఒక వస్తువు తన లోపలిని దాచుకోలేకపోవడం ప్రకృతి నియమాల్లో ఒకటిగా ఉందన్న సంగతి. పోతేపల్లి జ్యువెలరీ పార్కులో పూత తొట్టి దగ్గర నిలబడి పనిచేసే పిల్లల్లో బీఎస్సీ చదువుతూ పార్టుటైముగా వచ్చేవాళ్లూ ఉంటారు. వాళ్ల చేతుల్లోకి రోజూ వచ్చే రాగి, బంగారం రెండూ ఈ కొత్త శాస్త్రంలో పాత్రధారులని వాళ్లకు చెప్పాల్సిన వాళ్లం మనమే కదా. సిలబస్‌లో శక్తి పట్టీల పాఠం అర్ధవాహకం, డయోడు దగ్గర ఆగిపోతుంది. అక్కడి నుంచి చిలకలపూడి దాకా తీసుకురావడానికి ఒక్క పూట చాలు.

బందరు, గుడివాడ, అవనిగడ్డ కాలేజీల్లో ఫిజిక్సు చెప్పే మేష్టార్లకు ఒక విన్నపం. ఈసారి పట్టీల పాఠం చెప్పేటప్పుడు రెండు గాజులు, ఒకటి కొత్తది, ఒకటి అంచు అరిగింది, క్లాసుకు తీసుకెళ్లండి. పెడన గుడ్డ ఒక గజం బల్ల మీద పరిచి, ఏది తిప్పితే ఏది మారకుండా ఉందో పిల్లల చేతనే వెతికించండి. ఆ తరవాత ఆగిరిపల్లి ఆయన పేరు బోర్డు మీద రాయండి. చదివే మీకు కూడా ఒక మాట: భగవంతం, వెంకటరాయుడు గార్ల 1948 నాటి పుస్తకం మీ ఇంట్లోనో, మీకు చదువు చెప్పిన పెద్దవారి బీరువాలోనో ఉంటే, దయచేసి పాతపేపర్ల వాడికి వెయ్యకండి, దగ్గర్లోని కాలేజీ లైబ్రరీకి ఇవ్వండి.